ప్రభువు గిన్నెలో గోరుచిక్కుడు

ఆ శనివారం మేము చేయాల్సిన పనులు ఇవి.

ఐఎన్ఏ మార్కెట్‌కి వెళ్ళి నల్లద్రాక్ష తేవాలి. ద్రాక్ష కడిగి, ఉడికించి, చిదిమి, పల్చటి గుడ్డలో వడగట్టాలి. సంస్కారపు గ్లాసులు వేడినీళ్ళలో మరిగించి ఆరబెట్టాలి. బల్ల మీద పరిచే తెల్లగుడ్డకి గంజి పెట్టి ఇస్త్రీ చేయాలి. పులవని రొట్టె కాల్చాలి. జిగురు పొడి తూచి, పంచదారతో కలిపి పొట్లం కట్టాలి. జయశీల ఆంటీకి తలంటాలి. సాలొమోను అంకుల్ ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తకూడదు.

ఆఖరిది జెనీఫరక్క చేర్చింది. మర్నాడు మార్చి నెల మొదటి ఆదివారం. మా ఢిల్లీ తెలుగు సంఘంలో మొదటి ఆదివారం ప్రభు సంస్కారం ఉంటుంది. రొట్టె ముక్క, చిన్న గ్లాసులో ద్రాక్షరసం. ఆ గ్లాసు జయశీల ఆంటీ అందరితో కలిసి తాగుతుందా లేదా అన్నదే మా ముందున్న విషయం. వినడానికి చిన్నదే. దాని మీద సంఘం రెండుగా చీలేదాకా వచ్చింది.

నేను అప్పట్లో గ్రేటర్ నోయిడాలో ఒక ఐస్‌క్రీం ఫ్యాక్టరీలో, సరుకు నాణ్యత చూసే ల్యాబ్‌లో పనిచేసేదాన్ని. మా ఇంట్లో డిగ్రీ చదివినదాన్ని నేనే మొదలు. ఫుడ్ టెక్నాలజీ అంటే మా పేటలో వంట చదువు అనుకున్నారు. "అన్నం వండటానికి నాలుగేళ్ళా? నేను నాలుగు రోజుల్లో నేర్పుతా రావే" అని మా అమ్మమ్మ నవ్వేది. ఉద్యోగం వచ్చి ఢిల్లీ రైలెక్కినప్పుడు నా చేతిలో ఉన్నది ఒకే ఒక్క ఫోన్ నంబరు. అది జయశీల ఆంటీది. రేపల్లె దగ్గర మా పక్క ఊరి మనిషి. పెద్దాసుపత్రిలో నర్సుగా చేసి రిటైరై, తనలాగే నర్సు అయిన కూతురు జెనీఫర్ దగ్గర సరోజినీ నగర్ క్వార్టర్లో ఉండేది. హాస్టల్ దొరికేదాకా ఆర్నెల్లు నన్ను ఆ రెండు గదుల్లోనే పెట్టుకున్నారు. హాస్టల్‌కి మారాక కూడా శనివారం సాయంత్రం బస్సెక్కి అక్కడికే చేరేదాన్ని.

ల్యాబ్‌లో నేను రోజూ చూసే సరుకుల్లో గ్వార్ గమ్ ఒకటి. పేరు కొత్తగా ఉంటుంది కానీ వస్తువు మనకి తెలిసిందే. గోరుచిక్కుడు. మనం లేతకాయ తుంచి కొబ్బరికారం వేసి కూర వండుకుంటాం. రాజస్థాన్, హర్యానా రైతులు ఆ కాయని ముదరనిచ్చి, ఎండనిచ్చి, గింజ తీస్తారు. గింజ పైపొట్టూ లోపలి మొలకా తీసేయగా మిగిలిన పప్పుని పిండి కొడితే అదే గ్వార్ గమ్. రుచీ లేదు, చెప్పుకోదగ్గ వాసనా లేదు. నీళ్ళలో పడితే మాత్రం ఊరుకోదు. ఒకటి రెండు చెంచాలు లీటరు నీళ్ళని గంజి చేసేస్తుంది. ఐస్‌క్రీంలో మంచు పలుకులు కట్టకుండా, సాసు సీసాలోంచి భళ్ళున కారకుండా పట్టి ఉంచేది అదే.

ఆ పొడికీ ఆంటీకీ ముడిపడింది పక్షవాతం వల్ల. ముందటి నవంబర్లో ఆంటీకి కుడిచెయ్యి పడిపోయింది, మాట ముద్దగా అయింది, అన్నిటికంటే ముఖ్యంగా మింగుడు దెబ్బతింది. నీళ్ళు, టీ, చారు లాంటి పల్చటివి గొంతు సర్దుకునేలోపే జారి ఊపిరితిత్తుల్లోకి పోయేవి. జనవరి మొదటి ఆదివారం సంస్కారపు గ్లాసు అలవాటుగా ఎత్తి తాగేసింది. రెండు గుటకలు కూడా ఉండని ఆ కాస్త రసానికే పొలమారి, ఊపిరాడక, పెదాలు నీలం తిరిగాయి. జెనీఫరక్క ముందుకి వంచి వీపు మీద చరిచి ఎలాగో కాపాడింది. ఆ తర్వాత నెమ్ము చేసి ఆంటీ ఆసుపత్రిలో పడింది.

"పల్చటిదేదీ నోట్లో పడకూడదు. ఏదైనా చిక్కగా ఉంటే నెమ్మదిగా దిగుతుంది, గొంతుకి టైం దొరుకుతుంది" అన్నాడు డాక్టరు. చిక్కబరిచే విదేశీ డబ్బా ఏదో రాసిచ్చాడు కానీ మేము అడిగిన షాపుల్లో ఎక్కడా దొరకలేదు. అప్పుడు నేను మా మేనేజర్ని అడిగి గ్వార్ గమ్ శాంపిల్ ప్యాకెట్లు తెచ్చాను. డాక్టరుకి చూపించాం. ఆయన గ్లాసు వంచి చూసి సరేనన్నాడు. ఆ రోజు నుంచి ఆ ఇంట్లో ఆంటీ తాగే ప్రతిదాంట్లోనూ గోరుచిక్కుడే.

"ఇదేం టీయే, గోడకి సినిమా పోస్టర్ అంటించేదా?" అనేది ఆంటీ. అంటూనే తాగేది. దగ్గు రాలేదు.

ఫిబ్రవరి మొదటి ఆదివారం నేను ఆంటీ పక్కనే కూచున్నాను. సాలొమోను అంకుల్ గ్లాసుల పళ్ళెం పట్టుకుని వరసలోకి వచ్చారు. ఆయన సంఘపెద్ద. మంత్రిత్వశాఖలో గుమాస్తాగా చేరి సెక్షన్ ఆఫీసరుగా రిటైరైన మనిషి. ఢిల్లీకి కొత్తగా వచ్చిన రోజుల్లో ఆంటీ ఇంట్లోనే భోంచేసేవారు. ఆమెను అక్కా అని పిలిచేవారు. ఆ రోజు ఆంటీ ముందు ఆగి, ఆమె తల మీద చెయ్యి పెట్టి, "నీ హృదయం ఆయనకి తెలుసక్కా" అని, పళ్ళెం నా ముందుకి జరిపారు.

నేను గ్లాసు తీసుకున్నాను, తాగాను కూడా. ఆంటీ ఎడమచెయ్యి చాపి అలాగే ఉంచింది. పళ్ళెం వెనక వరసకి వెళ్ళిపోయాక గానీ ఆ చెయ్యి దించలేదు.

ఇంటికొచ్చాక ఆమె మొదటి మాట, "పాస్టర్‌ని రమ్మను. వాణ్ణి కూడా."

ఆ బుధవారమే ఇద్దరూ వచ్చారు. పాస్టర్ నథానియేలు గారు మెత్తటి మనిషి, ఎవరినీ నొప్పించలేరు. సోఫాలో అంచు మీద కూచుని, "జయశీలమ్మగారూ, మీరు శ్రమపడొద్దు. ప్రతి నెలా నేనే ఇంటికొచ్చి సంస్కారం ఇస్తాను. మంచాన పడ్డవాళ్ళకి ఇచ్చినట్టే" అన్నారు.

"నేను మంచాన పడ్డానా? కుర్చీలో కూచున్నాగా" అంది ఆంటీ. మాట ముద్దగా వచ్చినా అందరికీ అర్థమైంది. "మందిరానికి వస్తా. అందరితో తాగుతా."

"అందరూ తాగేది నువ్వు తాగలేవు కదక్కా" అన్నారు సాలొమోను అంకుల్.

నేను మధ్యలో అందుకున్నాను. ఆంటీ గ్లాసులో కాస్త పొడి కలిపితే చాలునని, ఇంట్లో అన్నీ అలాగే తాగుతోందని చెప్పాను. గింజ గురించీ చెప్పాను.

ఆయన తల అడ్డంగా ఊపారు. "బల్ల మీద పెట్టేది ద్రాక్షరసం. అందులో మనం ఏదీ కలపకూడదమ్మా. ఇవాళ గోరుచిక్కుడంటావు, రేపు ఇంకోరు షుగరుంది, కాకరకాయ రసం కలపమంటారు."

నాకు పౌరుషం వచ్చింది. నేను చదువుకున్నదాన్ని, చేతిలో రుజువుంది. సంఘంలో వాడే ద్రాక్ష స్క్వాష్ సీసా ఆ ఇంట్లోనే ఉండేది, సామానంతా స్త్రీల సమాజం తరఫున ఆంటీ దగ్గరే ఉంటుంది కాబట్టి. బీరువాలోంచి తీసి, వెనకున్న చిన్న అక్షరాలు చూపించాను. "చూడండంకుల్. చిక్కదనం కోసం దీంట్లోనూ జిగురు కలిపారు. ఇన్నేళ్ళుగా మీరు పంచుతున్నది ఇదే."

ఆయన కళ్ళజోడు పెట్టుకుని నిదానంగా చదివారు. నేను గెలిచాననే అనుకున్నాను. ఆయన సీసా మూత గట్టిగా బిగించి పక్కన పెట్టి, "మంచి పని చేశావమ్మా, చెప్పావు. ఇక ఈ సీసా కూడా బల్ల మీదకి రాదు. మన పాత పద్ధతే, ద్రాక్ష కొని రసం తీద్దాం" అన్నారు.

జెనీఫరక్క నవ్వాపుకోలేక వంటింట్లోకి వెళ్ళిపోయింది.

"నిన్నెవరు వాదించమన్నారే?" అంది ఆంటీ నాతో. "సీసా పోయింది. ఇప్పుడు ద్రాక్ష చిదమలేక చావండి."

పాస్టర్‌గారు గొంతు సవరించుకున్నారు. "సాలొమోను గారూ, ఒక్క గ్లాసేగా. ఆమె గ్లాసు వరకు చిక్కగా చేసుకోనిద్దాం. మిగతా అందరికీ మామూలుగా."

సాలొమోను అంకుల్, "ఆ ఒక్కటీ పక్కన వేరేగా పెడితే, సరే" అన్నారు. ఆ మాట అనడం ఆయనకి ఎంత కష్టమైందో మొహంలోనే తెలిసింది. నేను హమ్మయ్య అనుకున్నాను.

"నాకొద్దు" అంది ఆంటీ.

అందరం ఆమె వైపు చూశాం.

"వేరే గ్లాసు నాకొద్దు. సాలొమోనూ, నీకు తెలీదా? మా ఊరి టీకొట్టు చూరులో ఉండేది మా గ్లాసు. మా నాన్న చెయ్యి పెట్టి తీసుకుని, తాగి, కడిగి, మళ్ళీ చూరులో పెట్టేవాడు. లోపల బల్ల మీద వాళ్ళవి. మీ ఊళ్ళో?"

"మా ఊళ్ళో కొబ్బరిచిప్ప" అన్నారు సాలొమోను అంకుల్ మెల్లగా.

"అందరి గ్లాసులో నేను మొదటిసారి తాగింది మందిరంలో. పన్నెండేళ్ళప్పుడు. నా పక్కన మిషన్ తెల్లదొరసాని కూచుంది. ఒకే పళ్ళెంలోంచి తీసుకున్నాం ఇద్దరం. ఇప్పుడు నాకు వేరే పెడతానంటావా?"

"అక్కా, అది వేరు, ఇది వేరు. ఇక్కడ నిన్నెవరు తక్కువ చేశారు?"

"ఎవరూ చెయ్యలేదు. ఎవరూ చెయ్యకుండానే వేరే గ్లాసు వచ్చింది. అది ఇంకా ఘోరం కాదూ?"

"అయితే ఏం చెయ్యమంటావు?"

"అందరికీ చిక్కగా పొయ్యండి."

వంటింట్లో గిన్నె కడుగుతున్న అక్క నీళ్ళు కట్టేసి గుమ్మంలోకి వచ్చింది.

"ఒక్కదానివి. నీకోసం సంఘమంతా మారాలా?" అన్నారు అంకుల్.

"నేను మారలేనుగా. మారగలిగినవాళ్ళు మారాలి."

ఆయన లేచి కిటికీ దగ్గరకి వెళ్ళారు. బయట మార్కెట్ జనం, బట్టల మూటలు, స్కూటర్లు. అటు తిరిగే మాట్లాడారు. "జనవరిలో నువ్వు తాగింది నా చేతి పళ్ళెంలోది. నీ పెదాలు నీలంగా అయిపోతుంటే పట్టుకుంది నేను. నీకు గుర్తుండదు. నాకుంది. చిక్కగా చేస్తే ఏమీ కాదని ఈ పిల్ల రాసిస్తుందా?"

అందరూ నన్ను చూశారు. "రాసివ్వలేను అంకుల్" అన్నాను. "ఇంట్లో ఇప్పటిదాకా ఒక్కసారీ దగ్గలేదు. నాకు తెలిసింది అంతే."

"విన్నావా అక్కా? రాసివ్వలేదంట."

"నర్సు ఉద్యోగం చేసినన్నాళ్ళూ నేనూ ఎవరికీ రాసివ్వలేదు" అంది ఆంటీ. "అయినా మందు ఇచ్చాను."

చివరికి పాస్టర్‌గారు ఒక దారి వెతుక్కున్నారు. బల్ల సిద్ధం చేయడం ఎప్పటినుంచో స్త్రీల సమాజం పని. పంచడం పెద్దల పని. "వాళ్ళు ఏది సిద్ధం చేసి తెస్తే దాన్ని నేను ఆశీర్వదిస్తాను. అంతకు మించి నేను చెప్పలేను" అన్నారు. ఎవరినీ నొప్పించలేని మనిషి అనే కదా అన్నాను. ఈసారి నొప్పించారు. సాలొమోను అంకుల్ టీ ముట్టకుండానే చెప్పులేసుకున్నారు.

తర్వాత వారాల్లో ఫోన్లు నడిచాయి. "గోరుచిక్కుడు గుంపు" అని మాకు పేరు పెట్టారు. ఒకాయన నా హాస్టల్‌కే ఫోన్ చేసి, ఐస్‌క్రీం కంపెనీ పొడిని సంస్కారంలోకి తేవడానికి నాకు సిగ్గు లేదా అని హిందీలో అడిగాడు. తెలుగులో అడిగితే మర్యాదగా అడగాల్సి వస్తుందనేమో. స్త్రీల సమాజంలో మాత్రం సగంపైగా నర్సులు. పక్షవాతం వచ్చినవాళ్ళకి చెంచాతో తినిపించిన చేతులు వాళ్ళవి. జెనీఫరక్క అడిగితే ఒక్కరూ కాదనలేదు. "ఇన్నేళ్ళు ఆ గ్లాసులు కడిగింది జయశీలక్కే, ఆమె ఎలా అంటే అలా" అన్నారు.

అలా శనివారం పనులన్నీ అయ్యాయి. ఐఎన్ఏలో ద్రాక్ష బండివాడు, "దీదీ, ఇన్ని కిలోలా, పెళ్ళా?" అని అడిగాడు. "సంస్కారం" అంటే వాడికి అంత్యక్రియలని తోచినట్టుంది, తలొంచుకుని కాస్త ఎక్కువే తూచాడు. రసం తీసి, చల్లార్చి, ఫ్రిజ్‌లో పెట్టాం. పొడి తూచి పొట్లం కట్టాను. స్క్వాష్‌తో నేను ముందే కలిపి చూసుకున్నాను. ప్రసంగం మొదలవగానే కలిపితే, ప్రసంగం ముగిసేసరికి కావాల్సిన చిక్కదనం వస్తుంది.

మాకు సొంత మందిరం లేదు. ఒక పాత చర్చి భవనాన్ని పొద్దున ఇంగ్లీషు ఆరాధన అయ్యాక మాకిస్తారు. మా తర్వాత మలయాళీల సంఘం వస్తుంది. ఆ ఆదివారం వరసలన్నీ నిండాయి. ఎన్నడూ రానివాళ్ళు కూడా చూద్దామని వచ్చారు. ఆంటీని చక్రాల కుర్చీలో ముందు వరస పక్కన పెట్టాం. తెల్లచీర, తలంటిన జుట్టు వదులు ముడి. నేనూ, జెనీఫరక్కా, ఇంకో ఇద్దరు నర్సులూ వెనకగదిలో ఉన్నాం. ఒకామె రాత్రి డ్యూటీ నుంచి యూనిఫాంలోనే నేరుగా వచ్చింది.

పాస్టర్‌గారు ప్రసంగం మొదలుపెట్టగానే నేను పొడి చల్లుతూ గిలక్కొట్టాను. పంచదారతో కలిపి చల్లితే ఉండలు కట్టదు. ఒక్క ఉండా కట్టలేదు. కానీ రసం చిక్కబడటమూ లేదు.

ప్రసంగం సగంలో చెంచా ముంచి వంచాను. నీళ్ళలా కారింది. ముగింపు దగ్గరికొచ్చేసరికి మళ్ళీ వంచాను. కాస్త మారింది, అంతే.

"ఏమే, ఇంకా ఇలాగే ఉందేంటి?" అంది జెనీఫరక్క.

నాకు అప్పుడు వెలిగింది. నేను కొలత చూసుకుంది స్క్వాష్‌తో. ఇది పచ్చి ద్రాక్షరసం, ఎంత పంచదార వేసినా పులుపు. పైగా ఫ్రిజ్‌లోంచి తీసిన చల్లదనం. పులుపూ చల్లదనమూ ఉంటే ఈ పొడి తొందరగా ఉబ్బదు. ల్యాబ్‌లో నేనే నలుగురికి చెప్పే సంగతి. సీసా నా నోటి వల్లే పోయింది, దాని స్థానంలో ఏమొచ్చిందో నేనే ఆలోచించుకోలేదు. వేడి చేద్దామంటే అక్కడ పొయ్యి లేదు. ఇంకాస్త పొడి వేద్దామంటే తర్వాత ముద్దయిపోతుంది, అదీ గొంతుకి మంచిది కాదు. కావాల్సింది ఒకటే. ఇంకొంత సేపు.

"అమ్మకి చెప్పి వస్తా" అని అక్క వెళ్ళి, ఆంటీ చెవి దగ్గర వంగి, వెంటనే తిరిగొచ్చింది.

"ఏమంది?"

"'ఇవాళ కాదని మాత్రం చెప్పకండి. మిగతాది మీరు చూసుకోండి' అంది."

అప్పటికి పాస్టర్‌గారు ప్రసంగం ముగించి, "గిన్నె కోసం పెద్దలు సాలొమోను గారు ప్రార్థన చేస్తారు" అన్నారు. మా ప్రాణం లేచొచ్చింది. ఆయన ప్రార్థన మొదలెడితే కేంద్ర ప్రభుత్వంలో ఏ శాఖనీ వదలరు. కానీ ఆ రోజు ఆయన నిలబడి, నాలుగే మాటలు చెప్పి, ఆమేన్ అని కూచున్నారు. మా దగ్గర ఏదో తేడా వచ్చిందని వెనకగది తలుపు వైపు చూసి గ్రహించినట్టున్నారు. బల్ల సిద్ధంగా లేకపోతే, ఈ నెలకి వాయిదా.

పాస్టర్‌గారు మా తలుపు వైపు చూశారు. అందరూ చూశారు. యూనిఫాంలో ఉన్నామె పేరు ఛాయాదేవి. బాప్తిస్మం తీసుకున్నా పేరు మార్చుకోని మనిషి. నా చేతిలోని చెంచా చూసి, "ఎంతసేపు కావాలి?" అని అడిగింది.

"పావుగంట. ఇంకాస్త పట్టొచ్చు."

ఆమె తలుపు తీసి నడవలోకి నడుస్తూ గొంతెత్తి కీర్తన అందుకుంది. మా సంఘంలో ఎవరైనా పాట ఎత్తితే ఆపే హక్కు ఎవరికీ లేదు, పాస్టర్‌కి కూడా. ఆరు చరణాల పాత కీర్తన. మామూలుగా మొదటి రెండూ ఆఖరిదీ పాడి వదిలేస్తాం. ఆ రోజు ఆడవాళ్ళు అన్ని చరణాలూ పాడారు, ఒక్కో చరణానికి పల్లవి మూడుసార్లు. మూడో చరణానికి మగవాళ్ళు కొందరు కూచున్నారు. ఆడవాళ్ళు కూచోలేదు. నాలుగో చరణానికి మలయాళీలు గుమ్మంలోకి వచ్చి గడియారాలు చూసుకున్నారు. వాళ్ళలోనూ నర్సులున్నారు. జెనీఫరక్క పరుగున వెళ్ళి ఏదో చెప్పింది. కాసేపటికి వాళ్ళు భాష రాకపోయినా చప్పట్లు కలిపారు. పాస్టర్‌గారు ఒకసారి గడియారం చూసుకుని, దాన్ని చొక్కా చేతి కిందికి లాగేసి కళ్ళు మూసుకున్నారు.

ఆంటీ కూడా పాడుతోంది. నాలుక తిరగదు, మాటలు రావు, రాగం మాత్రం పోలేదు. వెనకగదిలో నాకు ఆ గొంతు వేరుగా వినపడుతూనే ఉంది. నేను గిన్నె పక్కన నిలబడి చెంచా ముంచుతూ, వంచుతూ ఉన్నాను. ఆరో చరణం అయిపోయి, ఛాయాదేవి గారు సిగ్గుపడకుండా మళ్ళీ మొదటి చరణం ఎత్తినప్పుడు, చెంచా మీద రసం వంపు తిరిగి, తొందరపడకుండా, దారంలా దిగింది.

జెనీఫరక్క ఒక గ్లాసులో పోసి ముందు తను రుచి చూసింది. "సరిపోయింది" అంది. కళ్ళు తుడుచుకుని, "గ్లాసుల్లో పొయ్యవే" అంది.

గ్లాసులన్నీ ఒకే గిన్నెలోంచి నింపాం. పెద్దలు పళ్ళాలు అందుకున్నారు. సాలొమోను అంకుల్ తన పళ్ళెం తీసుకుంటూ నా మొహం చూడలేదు. కానీ తీసుకున్నారు. పని ఎగ్గొట్టే మనిషి కాదు. వరసలు తిరిగి తిరిగి ఆంటీ కుర్చీ దగ్గర ఆగారు. పళ్ళెం ఎత్తుగానే పట్టుకున్నారు.

"అక్కా, ఇంకా మించిపోయింది లేదు" అన్నారు.

"పళ్ళెం దించు, నాకు అందట్లేదు" అంది ఆంటీ.

ఆయన దించారు. ఆమె ఎడమచేత్తో మధ్యలోంచి ఒక గ్లాసు తీసుకుంది. వేరేగా గుర్తుపెట్టింది కాదు, అంచున పెట్టింది కాదు. పాస్టర్‌గారు అందరం కలిసి తీసుకుందాం అన్నారు. అందరం ఎత్తాం. ఆంటీ గడ్డం గుండెలకి ఆనించి, నెమ్మదిగా వంచుకుని, మింగింది. మళ్ళీ మింగింది. ఆ నిమిషంలో మందిరమంతా చెవులు రిక్కించింది ఒక దగ్గు కోసం.

దగ్గు రాలేదు.

"కొంచెం పులుపెక్కువైంది" అంది ఆంటీ. అది మూడు వరసల దాకా వినపడింది. ఎవరో నవ్వారు, తర్వాత చాలామంది నవ్వారు. ఒకాయన మొహం చిట్లించుకుని, "జావలా ఉంది" అన్నాడు. తాగాడు మరి.

సాలొమోను అంకుల్ మాత్రం తన గ్లాసు ఎత్తలేదు. నిండుగా ఉన్నదాన్ని బల్ల మీద పెట్టేసి వెళ్ళి తన చోట కూచున్నారు.

"అక్కడే ఉంచితే ఇంకా చిక్కబడుతుంది, చెంచాతో తినాల్సొస్తుంది" అంది ఆంటీ ఆయన వీపుని చూస్తూ.

ఏప్రిల్ వచ్చేముందు పాస్టర్‌గారు మళ్ళీ సోఫా అంచు మీద కూచున్నారు. సాలొమోను గారితో పాటు ఇంకో ఇద్దరు ముగ్గురికి మనసు ఒప్పట్లేదని, వాళ్ళకి నాలుగు పల్చటి గ్లాసులు పక్కన పెడదామని అడిగారు. నాకు న్యాయంగానే తోచింది. జెనీఫరక్కకీ తోచింది.

ఆంటీ ఒప్పుకోలేదు. "ఈ సంఘంలో వేరే గ్లాసు లేదు. నాకు లేదు, వాడికీ లేదు. వాడొచ్చి మా పళ్ళెంలోది తాగాలి. అంతే."

"మీరు మరీ పట్టుదల" అన్నారు పాస్టర్‌గారు.

"పట్టుదల లేకపోతే ఇక్కడిదాకా వచ్చేదాన్నా?"

మిగతావాళ్ళు ఎండాకాలం ముగిసేలోపు ఒక్కొక్కరే గ్లాసు ఎత్తారు. సాలొమోను అంకుల్ ఎత్తలేదు. ప్రతి మొదటి ఆదివారం పళ్ళెం పడతారు, అందరికీ పంచుతారు, ఆంటీ దగ్గర మోకాళ్ళ ఎత్తుకి దించుతారు, ఆమె మింగేదాకా పక్కనే నిలబడతారు. తర్వాత తన గ్లాసు బల్ల మీద నిండుగా పెట్టేస్తారు. బయట మెట్ల దగ్గర, "దగ్గు రాలేదుగా అక్కా?" అని అడుగుతారు. "నువ్వు తాగలేదుగా?" అంటుంది ఆంటీ. ఇద్దరూ తగ్గరు.

కానీ బుధవారాలు ఆ క్వార్టర్లో ఆడవాళ్ళం ప్రార్థనకి కూచున్నప్పుడు ఆంటీ ముందుగా ఎత్తే పేరు ఆయనదే. తన చెయ్యి గురించి కాదు, మాట గురించి కాదు. "వాడు ఒక్కడే అయిపోయాడు, వాణ్ణి తీసుకురా తండ్రీ" అంటుంది, ఆ ముద్దమాటల్లోనే. గ్లాసు మాత్రం వేరేది పెట్టనివ్వదు.

నేను ఇది రాస్తున్నానంటే, "నా సంగతి ఎలాగూ రాస్తావు, వాడి పేరు కూడా పెట్టు" అంది. పెట్టాను. మీరు ఏ మతంవారైనా, ఏ ఊళ్ళో ఉన్నా సరే, నలుగురితో కలిసి ఒకే గిన్నెలోది తాగేటప్పుడు, తన గ్లాసు తాగకుండా నిండుగా బల్ల మీద పెట్టేసిన సాలొమోను అంకుల్‌ని జ్ఞాపకం చేసుకోండి.